అరవై రూపాయల రామకోటి పుస్తకం: కాగితం, బైండింగు, మిగతా సంగతులు

నల్గొండ ప్రకాశం బజార్‌లో పూజా సామాన్లు అమ్మే ఒక దుకాణంలో ఈ పుస్తకం కొన్నాను. ధర 60 రూపాయలు. బేరం ఆడలేదు. దేవుడి పుస్తకానికి బేరమేంటి అంటుంది మా ఆవిడ. దుకాణం పేరు, అచ్చేసినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ బజారులోనే ఇలాంటివి నాలుగైదు రకాలు తిరగేశాను. అట్ట మీద బొమ్మ మారుతుంది తప్ప లోపల సరుకు ఇంచుమించు ఒకటే. కాబట్టి నేను చెప్పే వంకలు మీరు కొనబోయే దానిలోనూ ఉండొచ్చు.

కాగితం గురించి మాట్లాడే అర్హత నాకేముందో ముందు చెప్పాలి. నేను దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా టేబుల్ వేసుకుని కూర్చుంటాను. క్రయ దస్తావేజులు, దాన పత్రాలు, తనఖాలు, భాగ పంపకాలు, ఒకప్పుడు అన్నీ చేత్తోనే. "నా పూర్తి ఇష్టంతో, సంపూర్ణ స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా" అని మొదలుపెడితే ఉత్తరం హద్దు దాకా ఒక్క కొట్టివేత లేకుండా రాసేవాణ్ని. కొట్టివేత పడిందంటే చివర మళ్లీ ఎత్తి రాయాలి, పార్టీతో సంతకం పెట్టించాలి, పైగా సాక్షులు మన ముఖం చూస్తారు. అన్నీ అయ్యాక కింద 'దస్తూరి' అని నా పేరు. ఇప్పుడు కంప్యూటర్లో ఫార్మాట్ రెడీగా ఉంటుంది. పేర్లు, హద్దులు, గజాలు మారుస్తాం, ప్రింట్ కొడతాం. 2020 అక్టోబర్‌లో ధరణి అనే భూముల పోర్టల్ వచ్చాక వ్యవసాయ భూముల పని తహసీల్దారు ఆఫీసుకు పోయింది. మాకు ప్లాట్లు, ఇళ్లు మిగిలాయి. చేతికి పని తగ్గింది. ఇది బాధగా చెప్పడం లేదు, రామకోటి దగ్గరికి ఎలా వచ్చానో అర్థం కావాలని చెప్తున్నాను.

పుస్తకం సంగతి. మామూలు నోటుబుక్కు సైజు. అట్ట మీద పట్టాభిషేకం బొమ్మ, నిగనిగలాడే లామినేషన్. లోపల 232 పేజీలు. ఎర్ర గీతలతో గళ్లు కొట్టి ఉన్నాయి, అడ్డంగా 6, నిలువుగా 18, మొత్తం పేజీకి 108. ఇది మాత్రం ఆలోచించి చేశారు. పేజీ పూర్తయితే ఒక మాల తిరిగినట్టు లెక్క. అయితే పుస్తకం పేరు రామకోటి, పట్టేది పాతికవేల చిల్లర. కోటి కావాలంటే ఇలాంటివి 400 కొనాలి. 60 చొప్పున 24,000 రూపాయలు, పెన్నులు కాక. రోజుకో పేజీ చొప్పున రాస్తే కోటి పూర్తవడానికి 253 ఏళ్లు పడుతుంది. రోజుకు వెయ్యి రాసినా 27 ఏళ్లు దాటుతుంది. త్యాగరాజస్వామి 96 కోట్ల రామనామం జపించారని పెద్దలు చెప్తారు. అది నోటితో చేసిన జపం, ఇది చేత్తో చేసే పని. ఈ లెక్కలన్నీ కొన్న రాత్రే పుస్తకం వెనక అట్ట మీద వేశాను. మా ఆవిడ చూసి, "కూసున్నది రాయడానికా, ఎస్టిమేట్ వేయడానికా?" అంది.

కాగితం పల్చన. ఇది పెద్ద వంక. వేలు కింద పెట్టి చూస్తే గోరు కనబడుతుంది. జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలో 'శ్రీరామ' తిరగబడి కనబడుతుంది. రెండో వైపు రాసేటప్పుడు ఆ నీడల మీద రాస్తున్నట్టుంటుంది, కళ్లకు చికాకు. ఇంకు పెన్ను అయితే చెప్పనక్కర్లేదు, పాకుతుంది. చాలా పెన్నులు మార్చి చివరికి నీలం రెనాల్డ్స్ 045 దగ్గర ఆగాను. బాల్ పెన్ను ఇంకు చిక్కన, కాగితం లోపలికి దిగదు. చేతికి కూడా స్కూలు రోజుల నుంచి అలవాటే. ఎర్ర ఇంకుతో రాయాలని కొందరు, ఆకుపచ్చతో రాస్తే మంచిదని కొందరు చెప్తారు. ఆకుపచ్చ గెజిటెడ్ ఆఫీసర్ల ఇంకు. ముప్పొద్దులా ఆ సంతకాల కోసం తిరిగేవాణ్ని, దేవుడి దగ్గర కూడా అదే రంగు చూడడం నావల్ల కాలేదు.

గడి అంగుళం వెడల్పు, ఒక సెంటీమీటరు ఎత్తు. 'రామ' అని రెండే అక్షరాలు రాసేవాళ్లకు బాగా సరిపోతుంది. 'శ్రీరామ' రాసేవాళ్లకు ఎత్తు చాలదు. శకారం పైన గుడి దీర్ఘం లేస్తుంది, కింద నుంచి క్రావడి చుట్టుకుని వస్తుంది. ఆ క్రావడి తోక కింది గడిలోకి దిగి అక్కడి గుడి దీర్ఘానికి తగులుతుంది. నిలువుగా 16 గళ్లు పెడితే హాయిగా ఉండేది. కానీ 108 పోతుంది కదా, అందుకే ఇరికించి ఉంటారు. నేను క్రావడిని పొట్టిగా, లోపలికి మడిచి రాయడం నేర్చుకున్నాను. ఇన్నేళ్ల దస్తూరిలో ఎప్పుడూ అలా రాయలేదు. ఇప్పుడు నా చేతిలో రెండు 'శ్రీ'లు ఉన్నాయి, ఒకటి పార్టీలకు, ఒకటి ఆయనకు.

బైండింగు గమ్ముది. మధ్యలో పుస్తకం బల్లపరుపుగా తెరుచుకోదు. ఎడమ చేత్తో నొక్కి పట్టుకుని రాయాలి. గట్టిగా నొక్కితే వెన్ను చీలి పేజీలు ఊడతాయి. నాకు నూరో పేజీ దాటాక ఊడడం మొదలైంది. దస్తావేజులు కుట్టే దబ్బనం, దారం టేబుల్ సొరుగులోనే ఉంటాయి కాబట్టి మూడు రంధ్రాలు పొడిచి కుట్టేశాను. మామూలు మనిషి ఏం చేస్తాడు? రాముడి పేరున్న పేజీలు ఊడి నేల మీద పడితే మనసు ఎంత కలుక్కుమంటుంది? అచ్చేసేవాళ్లు అరవైకి ఇంకో ఇరవై కలిపి కుట్టు బైండింగు వేస్తే ఎవరూ వద్దనరు.

ఇంతవరకు సరుకు. కానీ ఇది చదివేవాళ్లలో చాలామందికి కాగితం మందం కోసం ఈ పుస్తకం అవసరపడదని నాకు తెలుసు. దేవుడు దూరమయ్యాడని అనిపించినప్పుడు ఎవరో ఒకరు "రామకోటి రాయి" అంటారు, మనం కొంటాం. పనిచేస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నా విషయంలో ఏ ఘోరమూ జరగలేదు. అదే చెప్పుకోవడానికి ఇబ్బంది. కష్టం వచ్చి దేవుడి మీద అలిగినవాళ్లకు ఒక కథ ఉంటుంది. నాకు అది కూడా లేదు. కూతురి పెళ్లయింది, ఆరోగ్యం పర్వాలేదు, శనివారం రామగిరి రామాలయానికి పోయి వస్తూనే ఉన్నాను. పొద్దున హనుమాన్ చాలీసా నోటికి నడుస్తూనే ఉంటుంది, మనసు మాత్రం నిన్నటి దస్తావేజులో పడమటి హద్దు సరిగ్గా రాశానా లేదా అని తిరుగుతుంది. ఎప్పటి నుంచి ఇలా అయిందో గుర్తులేదు. గోడ పక్కన ఉన్న ఇంటివాళ్లతో మాటలు ఏ కారణమూ లేకుండా ఆగిపోయినట్టు, ఎదురుపడితే నమస్కారం, అంతే. యాదగిరిగుట్టలో 2022 మార్చి 28న కొత్త ఆలయంలో దర్శనాలు మొదలయ్యాక కుటుంబంతో పోయాం. ఆ కృష్ణశిల స్తంభాలు, ఏనుగులు, యాళీలు, చూడడానికి రెండు కళ్లూ చాలవు. మా ఆవిడ కళ్లల్లో నీళ్లు. నేను స్తంభం నున్నదనం వేలితో తడుముతూ, ఈ రాయి పనికి అగ్రిమెంట్ ఎట్లా రాసుకుని ఉంటారో అని ఆలోచిస్తున్నాను. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి గుట్ట ఎక్కి, మూడు గుండ్ల మధ్య సందులో ఒళ్లు ఒరుసుకుంటూ దూరి బయటికి వస్తే అందరూ "హమ్మయ్య" అని దండం పెట్టుకుంటున్నారు. నాకు మోచేయి గీరుకుంది, అంతే.

దేవరకొండలో మా అక్క ఉంటుంది. పెద్దగా చదువుకోలేదు, కానీ రామకోటి పుస్తకాలు దొంతరగా నింపింది. ఆమెతో ఫోన్‌లో ఈ మాట ఎట్లాగో వచ్చింది. మనసు నిలవట్లేదు అక్కా, మొక్కినా మొక్కినట్టు లేదు అన్నాను. ఆమె ఏమీ ఆశ్చర్యపడలేదు.

"మనసు రాకుంటే రాకపాయె తమ్మీ. చెయ్యిని కూసోబెట్టు. చెయ్యి నీ మాట ఇంటది గద?"

శాస్త్రంలో జపం మూడు విధాలని చెప్తారు. పైకి వినబడేలా చేసేది వాచికం, పెదవులు కదిలీ కదలకుండా చేసేది ఉపాంశువు, మనసులోనే చేసేది మానసికం. మానసికం అన్నింటికంటే గొప్పదంటారు. మనసే రాని మనిషికి ఆ మెట్టు అందదు. లిఖిత జపం సంగతి వేరు. ఇక్కడ కళ్లు కాగితం మీద ఉండాలి, వేళ్లు పెన్ను మీద ఉండాలి, గడి దాటకూడదు. మనిషిలో సగం భాగాన్ని అది పనిలో పెట్టేస్తుంది. మనసు ఎక్కడికి పోయినా తిరిగి వచ్చేసరికి చెయ్యి రామనామం దగ్గరే ఉంటుంది. నాలాంటి రాతగాడికి ఇంతకంటే సులువైన దారి కనబడలేదు.

మొదట్లో ఏమీ జరగలేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం ఏమీ జరగలేదు. పొద్దున టీ తాగి, పీట వేసుకుని, తూర్పుకు తిరిగి ఒక పేజీ రాసేవాణ్ని. పావుగంట పని. అక్షరం మాత్రం కుదురుగా వస్తుండేది, అది నాకు సంతోషంగా ఉండేది. మళ్లీ చేత్తో రాస్తున్నానన్న సంతోషమే అది, భక్తి కాదు. తేడా నాకు తెలుసు, ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా ఆపలేదు, ఎందుకంటే సగం పేజీ వదిలేయడం నా వృత్తికే పడదు.

ఇక్కడ పుస్తకం గురించి ఒక మాట. ముందు అట్ట లోపలి వైపు నియమాల పట్టిక వేశారు. స్నానం చేసి రాయాలి, మౌనంగా రాయాలి, ఒకే పెన్ను వాడాలి, మధ్యలో లేవకూడదు, లక్ష పూర్తయినప్పుడల్లా నైవేద్యం పెట్టాలి. వెనక అట్ట లోపల ఫలశ్రుతి: ఇన్ని లక్షలకు వివాహం, ఇన్ని లక్షలకు సంతానం, ఇన్నింటికి ఉద్యోగం. ప్రతి పేజీ కింద 'ఈ రోజు సంఖ్య, మొత్తం సంఖ్య, తేదీ' అని మూడు ఖాళీలు. కొత్తగా దేవుడి వైపు తిరిగే మనిషికి ఇవన్నీ కలిసి టెన్షన్ పెడతాయి. నియమం తప్పితే పాపమేమోనని, లెక్క తప్పితే ఫలం రాదేమోనని. నేను ఆ 'మొత్తం సంఖ్య' గడి నింపడం మానేశాను. రోజంతా గజాలు, చదరపు అడుగులు, స్టాంపు డ్యూటీ శాతాలు లెక్కేసేవాడికి ఇంట్లో కూడా లెజ్జరేనా? ఫలశ్రుతి పేజీకి మాత్రం తెల్లకాగితం అతికించాను. ఆ లెక్కన రాసుకుంటూ పోతే నాకు ఇంకో పెళ్లి అయ్యేలా ఉంది.

ఇలా నడుస్తుండగా ఒక పొద్దున, ఏ ప్రత్యేకతా లేని రోజు, కరెంటు కూడా పోయి ఉంది, రాస్తూ రాస్తూ మనసులో "ఏందయ్యా" అన్నాను. ఎవరితో అంటున్నానో ఒక క్షణం నాకే తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది. ఎన్నో ఏళ్లుగా స్తోత్రాలు అప్పజెప్తున్నాను గానీ ఆయన్ని నా మాటతో పలకరించింది లేదు. ఏదో అడుగుదామని కాదు, విసుగూ కాదు. పక్కన ఒకరు కూర్చుని ఉన్నప్పుడు ఊరికే అంటామే, అట్లా. మిగతా గళ్లు నింపాను, లేచి ఆఫీసుకు పోయాను. గంటలు మోగలేదు, వెలుగులు కనబడలేదు. కానీ ఆ మర్నాటి నుంచి పీట మీద కూర్చోవడానికి నన్ను నేను తోసుకోవాల్సిన పని తగ్గింది. కొన్ని రోజులు మళ్లీ ఎండు రోజులే. ఇప్పటికీ ఉంటాయి. కాకపోతే ఎండు రోజున కూడా ఒకరికి కినుకగా ఉన్నట్టుంది తప్ప ఎవరూ లేనట్టు లేదు.

మన వైపు రాముడంటే భద్రాచలం, భద్రాచలం అంటే కంచర్ల గోపన్న. నేలకొండపల్లి మనిషి, పాల్వంచ పరగణా తహసీల్దారు. తానీషా కాలంలో శిస్తు సొమ్ము గుడికి పెట్టినందుకు గోల్కొండలో ఖైదు అనుభవించాడు. చిన్నప్పటి నుంచి వింటున్న కథే. ఇప్పుడు నాకు అందులో వేరే సంగతి కనబడుతోంది. ఆయన ఖైదులో కూర్చుని ఊరికే పొగడలేదు. రెవెన్యూ మనిషి కదా, ఏ నగకు ఎంతయిందో వివరాలతో సహా ఎత్తి చూపి రాముణ్ని నిలదీశాడు. దేవుడు దూరంగా ఉన్నప్పుడు భక్తుడు మర్యాదగా మౌనం పాటించాలని ఎవరు పెట్టారో ఆ నియమం. గోపన్న పాటించలేదు. ఈ పుస్తకం అట్ట లోపల ఇలాంటి మాట ఒకటి వేసి ఉంటే నియమాల పట్టిక కంటే మేలు చేసేది.

ఆఫీసుకు కూడా ఈ పుస్తకం తీసుకుపోవడం మొదలుపెట్టాను. నియమాల ప్రకారం తప్పే. కానీ సర్వర్ పడిపోయిందంటే గంటల తరబడి పార్టీలూ మేమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. అలాంటి ఒక మధ్యాహ్నం, కనగల్ వైపు నుంచి ఒక అవ్వ, కూతురికి ఇల్లు దానం రాసివ్వడానికి వచ్చింది. వేలిముద్ర మిషన్ ఆమె వేలిని ఒప్పుకోవడం లేదు. నాట్లు వేసి, కలుపు తీసి గీతలన్నీ అరిగిపోయాయి. చెయ్యి కడిగించారు, తుడిపించారు, నూనె రాయించారు. మిషన్ మళ్లీ మళ్లీ తిప్పికొట్టింది. ఆలోపు సర్వర్ కూడా పోయింది. అవ్వ వచ్చి నా బల్ల పక్కన కూర్చుంది.

"ఏం రాస్తున్నవు బిడ్డా గళ్లల్ల?"

"రామకోటి అవ్వా. రాముని పేరు కోటిసార్లు రాయాలె."

"కోటా! అంత బాకీ ఎట్ల పడ్డవు?"

పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ప్రామిసరీ నోటు చూసినట్టు పేజీని కాసేపు చూసింది. తర్వాత, "నాకు రాయరాదు. నిశాని పెడితే ఎక్కుతదా?" అని అడిగింది.

ఎక్కుతుందో లేదో చెప్పడానికి నేనెవర్ని? స్టాంపు ప్యాడ్ తెరిచాను. దస్తావేజుకు పెట్టించినట్టే ఆమె బొటనవేలిని ఇంకు మీద ఆనించి, గడిలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దొర్లించాను. మిషన్‌కు దొరకని గీతలు ఆ పల్చటి కాగితం మీద కొన్ని పడ్డాయి. నడిమధ్య ఒక పాత కొడవలి గాటు అడ్డంగా తెల్లగా వచ్చింది. వేలు పెద్దది, గడి చిన్నది, ముద్ర నాలుగు గళ్లు ఆక్రమించింది. అవ్వ కొంగుతో వేలు తుడుచుకుని, "నాలుగు ఎక్కినయి" అంది. లెక్క విషయంలో ఆమె నా కంటే గట్టి. ప్యాడ్ ఇంకు రెండు పేజీల లోతుకు దిగింది. కాగితం నాసిరకం అని పైన రాశాను కదా, ఆ మాట మీదే ఉన్నాను, కానీ ఆ రెండు పేజీలు ఊదా మరకతో అలాగే ఉన్నాయి, వాటి మీదే రాశాను. ఆమె పని మర్నాడు అయింది.

ఫోన్‌లో రామకోటి యాప్‌లు కూడా ఉన్నాయి, మా అల్లుడు ఒకటి వేసిచ్చాడు. 'రా' కొట్టగానే మిగతాది తనే పూర్తి చేస్తుంది. ఇంకా తొందరగా కావాలంటే కాపీ, పేస్ట్. అరగంటలో లక్ష చేయొచ్చు. మధ్యలో రమ్మీ ప్రకటన వచ్చింది, దాన్ని మూయడానికి గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. బస్సు ప్రయాణాల్లో పనికొస్తుందేమో, ఇష్టమైనవాళ్లు వాడుకోండి. నేను తీసేశాను. చేతికి బరువు తెలియని రాత నాకు పడదు.

గళ్ల పుస్తకం వద్దనుకుంటే 200 పేజీల లాంగ్ నోటుబుక్కు మంచి ప్రత్యామ్నాయం. కాగితం దీనికంటే మందం, కుట్టు గట్టిది, ధర కూడా కాస్త అటూ ఇటూ అంతే. లోటల్లా గీతల మధ్య ఖాళీ తక్కువ కావడమే. రెండు వరుసలకు ఒకటి చొప్పున రాసుకుంటే సరి. మా అక్క అలాంటి వాటిలోనే రాస్తుంది, పిల్లలకు మిగిలిపోయిన నోటుబుక్కుల్లో. చిన్నప్పుడు మేనకోడలు వేసిన ఇంగ్లీషు స్పెల్లింగుల కింద నుంచి రామనామం మొదలవుతుంది కొన్నింట్లో.

నిండిన పుస్తకం ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. పాత పేపర్లవాడికి వేయలేం, అటక మీద ఎలుకలకు వదలలేం. పసుపు గుడ్డలో చుట్టి భద్రాచలం తీసుకెళ్లి సమర్పించేవాళ్లు ఎక్కువ. కొన్ని ఊళ్లలో రామకోటి స్తూపాలు కట్టి రాసిన పుస్తకాలు అందులో భద్రపరుస్తారు. కాశీలో రామ్ రమాపతి బ్యాంకు అని ఒకటుంది, అక్కడ జమ అయ్యేది డబ్బు కాదు, కాగితం మీద రాసిన రామనామాలు. మా వృత్తివాళ్లకు చెప్తే నోరు తెరిచారు, వడ్డీ ఎంత అని అడిగాడు ఒకడు. దూరం పోలేనివాళ్లు ఊరి రామాలయంలో పూజారిగారిని ముందుగా అడిగి ఇవ్వండి. అడగకుండా గర్భగుడి గడప దగ్గర పెట్టేసి రాకండి, ఆయన మాత్రం ఎక్కడ పెడతాడు? అట్ట మీద దేవుడి బొమ్మ వేయకపోతే సగం ఇబ్బంది ఉండదని నా అభిప్రాయం. బొమ్మ ఉండడంతో పుస్తకం బల్ల మీద పెట్టాలన్నా, సంచీలో కుక్కాలన్నా ఆలోచించాలి. మీద టిఫిన్ బాక్సు పెట్టామా, అపచారం. సాదా పసుపు అట్ట చాలు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు? పెద్ద దుఃఖంలో ఉన్నవాళ్లకు నేను దీన్ని చెప్పను. ఇంట్లో మనిషి పోయిన వారానికే చేతికి రామకోటి పుస్తకం ఇచ్చి "రాయి, మనశ్శాంతి" అనే చుట్టాలను చూశాను. వాళ్లకు ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి. అక్షరాలు కుదురుగా రానివాళ్లకు కూడా మొదట కష్టమే, వాళ్లకు తులసి మాల మేలు. నాలాగా ఏ కారణమూ లేకుండా ఎండిపోయినవాళ్లకు, మొక్కుతున్నాం కానీ ఎవరికో తెలియడం లేదు అనుకునేవాళ్లకు, చేతిపని చేసి బతికినవాళ్లకు ఇది కుదురుతుంది. ఫలితం ఎప్పుడొస్తుందని మాత్రం అడక్కండి. నాకైతే ఒక 'ఏందయ్యా' వచ్చింది, దానికి 60 రూపాయలు ఎక్కువేం కాదు.

పుస్తకంగా చూస్తే ఐదుకు రెండున్నర నక్షత్రాలు. 108 గళ్ల ఆలోచనకు ఒకటి, గీతలు చెరగని అచ్చుకు ఒకటి, వెనక అట్ట మీద నా లెక్కలు వేసుకోవడానికి చోటిచ్చినందుకు అర. కాగితానికి, గమ్ముకు, ఫలశ్రుతికి ఏమీ లేవు.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. మధ్య పేజీ తెరిచి వెన్ను దగ్గర దారం కనబడుతుందో లేదో చూడండి, కనబడకపోతే గమ్మే. తర్వాత ఒక పేజీని వెలుతురుకు పట్టి చూడండి, వెనక గళ్లు పూర్తిగా కనబడితే బాల్ పెన్ను తప్ప వేరేది ముట్టుకోకండి. శ్రీరామనవమి ముందు దుకాణాల్లో కొత్త స్టాకు దిగుతుంది, రకాలు ఎక్కువ ఉంటాయి. నేను రెండోది అప్పుడే తీసుకున్నాను. 80 రూపాయలు, కుట్టు బైండింగు, పేజీకి 96 గళ్లే. మిగతా పన్నెండు ఎక్కడ రాస్తావని మా ఆవిడ అడుగుతోంది.